నీడ నుండి లోతునకు: స్తన బయాప్సీలో త్రిపరిమాణ ఎక్స్‌రే విధాన చరిత్రము

ఎక్స్‌రే పటము నీడ వంటిది. దేహములో ముందువెనుకలుగా నున్న వస్తువులన్నియు దానియందు ఒకే తలముపై బడును. ఆ నీడకు పొడవు వెడల్పులు కలవు గాని లోతు లేదు. విరిగిన ఎముకను చూచుటకు ఈ లోపము పెద్ద అడ్డంకి కాదు. కాని చేతికి తగులని, కందిగింజ కంటెను చిన్నదైన మచ్చ యొకటి స్త్రీ రొమ్ములో కానవచ్చి, అది రాచపుండో కాదో తేల్చుటకు సరిగా ఆ మచ్చ నుండియే ముక్కను తీయవలసి వచ్చినపుడు, లోతు తెలియకపోవుట ప్రాణముతో ముడిపడిన విషయమగును. సూది అర సెంటీమీటరు తప్పినచో దొరకునది పక్కనున్న మంచి భాగము. దానిని పరీక్షించి దోషము లేదని చెప్పినచో, ఆ మాట ఆమెకు అపాయకరమైన ధైర్యము నిచ్చును.

ఈ లోతును సాధించుటకు వైద్యులకును, భౌతికశాస్త్రజ్ఞులకును, యంత్రనిర్మాతలకును రమారమి నూరేండ్లు పట్టెను. ఆ చరిత్రము కేవలము యంత్రముల చరిత్రము కాదు. కోసిన పిదప తెలిసికొనుట నుండి తెలిసికొనిన పిదప కోయుటకు వైద్యము మరలిన చరిత్రము. మత్తులో నున్న స్త్రీ కొరకు ఇతరులు చేయుచుండిన నిర్ణయము ఆమె చేతికి వచ్చిన చరిత్రము. తల్లులు, తోబుట్టువులు, కుమార్తెలు గల ప్రతి కుటుంబమునకును దీనితో సంబంధము కలదు.

తొలి నీడలు

విల్హెల్మ్ రాంట్‌జెన్ జర్మనీ దేశమందలి వుర్ట్స్‌బుర్గ్ నగరమున 1895 నవంబరు 8వ తేదీన ఎక్స్ కిరణములను కనుగొనెను. అదే సంవత్సరము డిసెంబరు నెలలో ఆయన తన భార్య చేతిని చిత్రించెను. ఎముకలు స్పష్టముగను, మాంసము పలుచని నీడగను ఆ పటమున కానవచ్చెను. మెత్తని భాగములను వేరువేరుగా చూపుట ఎక్స్ కిరణములకు కష్టమని ఆ తొలి చిత్రమే తెలిపెను. రొమ్ము సాంతము మెత్తని భాగమే. క్రొవ్వు, పాలగ్రంథులు, నారపోగులు, వీని నడుమ కణితి యుండును. వీని సాంద్రతలలోని తేడా మిక్కిలి తక్కువ.

బెర్లిను నగరమందలి శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్ శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3,000 స్తనములను ఎక్స్‌రే తీసి, ఆ పటములను కణితుల వాస్తవ స్థితితో పోల్చి, 1913లో తన పరిశోధనను ప్రకటించెను. కణితి నడుమ కానవచ్చిన సన్నని చుక్కలను ఆయన గమనించెను. అవి సున్నపు రేణువులని తరువాతి కాలమున తేలెను. ఈ శాస్త్రమునకు పునాది వేసిన ఆ వైద్యుడు యూదుడైన కారణమున నాజీ పాలనలో ఉద్యోగము కోల్పోయి, నిర్బంధశిబిరమున బాధలు పడి, పిదప హాలెండుకు చేరి ప్రాణము దక్కించుకొనెను. చిత్రకారిణియైన ఆయన కుమార్తె షార్లెట్ సాలమన్ మాత్రము 1943లో ఔష్విట్జ్ శిబిరమున హతురాలయ్యెను.

బ్రతికియున్న స్త్రీలను ఈ విధముగా పరీక్షించుటలో ముందంజ వేసినవాడు అమెరికాలోని రోచెస్టర్ నగర వైద్యుడు స్టాఫర్డ్ వారెన్. ఆయన పరిశోధన 1930లో వెలువడెను. గమనింపదగిన విశేష మేమనగా, వారెన్ ఒకే పటముతో తృప్తిపడక, కొంచెము వేరైన రెండు స్థానముల నుండి రెండు పటములు తీసి, వానిని స్టీరియోస్కోపులో ఒకేసారి చూచెను. రెండు కన్నులకు రెండు నీడలను చూపినచో మనస్సు లోతును కల్పించుకొనును. కావున త్రిపరిమాణ దృష్టి ఈ విద్యకు నేటి అలంకారము కాదు. అది దాని బాల్యమునందే పుట్టినది. ఐనను వారెన్ చూచినది లోతు యొక్క భావనయే గాని లోతు యొక్క కొలత కాదు. కొలత లభించుటకు మరి నలువదియేండ్లకు పైగా పట్టెను.

ఉరుగ్వే దేశీయుడైన రావుల్ లెబోర్న్ రొమ్మును రెండు తలముల నడుమ అదిమి చిత్రించినచో పటము స్పష్టమగునని 1940 దశాబ్దపు చివర నొక్కి చెప్పెను. రాచపుండును సూచించు సూక్ష్మమైన సున్నపు రేణువుల ప్రాముఖ్యమును గూడ ఆయన స్థాపించెను. హ్యూస్టన్ నగరమున రాబర్ట్ ఈగన్ తక్కువ వోల్టేజితో, సన్నని వివరములను పట్టు ఫిలిముతో 1,000 పరీక్షలు చేసి 1960లో ఫలితములను ప్రకటించెను. ఆ విధానమును ఇతర వైద్యులును నేర్చి అనుసరింపగలిగిరి. ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బుర్గ్ నగర వైద్యుడు షార్ల్ గ్రో 1960 దశాబ్దపు నడుమ రొమ్ము పరీక్షకే ప్రత్యేకించిన యంత్రమును రూపొందింపజేసెను. అందు మాలిబ్డినము లోహము నుండి వెలువడు మెత్తని కిరణములు వాడబడెను. దీనితో మామోగ్రఫీ ప్రత్యేక విద్యగా నిలద్రొక్కుకొనెను.

కోసిన పిదప తెలియుచుండిన కాలము

ఈ పటములు మెరుగగుచున్న కాలమునందే స్తనచికిత్స వేరొక దారిలో నుండెను. అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ పందొమ్మిదవ శతాబ్దపు చివర ప్రచారమునకు తెచ్చిన విధానమున స్తనమును, దాని క్రింది ఛాతి కండరములను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించెడివారు. ఆ పద్ధతి డెబ్బదియేండ్లకు పైగా రాజ్యమేలెను. గడ్డ గల స్త్రీకి మత్తుమందిచ్చి, గడ్డను కోసి తీసి, దానిని అప్పటికప్పుడే గడ్డకట్టించి సూక్ష్మదర్శినిలో చూచి, రాచపుండని తేలినచో ఆమె మేల్కొనక మునుపే స్తనమును తొలగించుట వాడుక. బల్లపై పండుకొనునపుడు ఆమెకు తన వ్యాధి యేమో తెలియదు. మేల్కొనిన పిదప చేతితో తడవి చూచుకొని తెలిసికొనవలసినదే.

అమెరికా అధ్యక్షుని భార్య బెటీ ఫోర్డ్ 1974 సెప్టెంబరు 28వ తేదీన ఈ విధముగనే శస్త్రచికిత్స పొందెను. ఆమె తన వ్యాధిని దాచక లోకమునకు తెలుపుటచే అసంఖ్యాకులైన స్త్రీలు పరీక్షలకు వెళ్లిరి. అంతకు ముందు 1972లో నటి షర్లీ టెంపుల్ బ్లాక్ మొదట గడ్డను మాత్రమే తీసి పరీక్షింపవలెననియు, పిదప చేయవలసిన పనిని తానే నిర్ణయింతుననియు పట్టుబట్టెను. రోజ్ కుష్నర్ అను పత్రికారచయిత్రి 1974లో తనకు ఈ వ్యాధి సోకిన పిదప, పరీక్షయు శస్త్రచికిత్సయు ఒకే మత్తులో జరుగరాదని పుస్తకము వ్రాసి, సభలలో వాదించెను. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు కూర్చిన నిపుణుల సభ పరీక్షను, చికిత్సను రెండు వేరు దశలుగా జరుపుట మేలని తీర్మానించెను. రోజ్ కుష్నర్ ఆ సభలో సభ్యురాలు.

ముందుగా తెలిసికొనుట న్యాయమని ఒప్పుకొనుట ఒక యెత్తు. తెలిసికొను దారి కల్పించుట వేరొక యెత్తు. న్యూయార్కు నగరమున 1963 చివర ప్రారంభమైన పెద్ద ప్రయోగమున సుమారు 62,000 మంది స్త్రీలను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మామోగ్రామును, వైద్యుని చేతిపరీక్షను ఏటేట జరిపిరి. పరీక్ష పొందిన వర్గమున స్తన రాచపుండు మరణములు తగ్గినట్లు 1971లో ప్రకటించిరి. అప్పటినుండి ఆరోగ్యవంతులైన స్త్రీలకును మామోగ్రఫీ వ్యాపించెను. దానితో క్రొత్త చిక్కు తలయెత్తెను. ఫిలిముపై మచ్చ కానవచ్చును. వైద్యుని వ్రేళ్లకు ఏమియు తగులదు. చేతికి తగులనిదానిని శస్త్రవైద్యుడు ఎక్కడ కోయవలెను?

దీనికి తొలి సమాధానము తీగ. ఎక్స్‌రే పటమును చూచుచు మచ్చ దగ్గరకు సూదిని గ్రుచ్చి, దానిగుండ కొనయందు కొక్కెము గల సన్నని తీగను దింపి విడిచెడివారు. కొక్కెపు తీగను గూర్చిన ప్రసిద్ధమైన వివరణ 1976లో వెలువడెను. డేనియల్ కోపాన్స్ దానిని మెరుగుపరచి 1980లో ప్రకటించెను. శస్త్రవైద్యుడు తీగను అనుసరించి పోయి మచ్చను తీసెడివాడు. ఈ ఉపాయము మేలైనదే. నేటికిని శస్త్రచికిత్సలో వాడుకలో నున్నది. కాని కేవలము తెలిసికొనుట కొరకే కత్తిగాటు తప్పలేదు. ఇట్లు కోయబడిన మచ్చలలో అధికభాగము రాచపుండ్లు కానివే. అనగా వ్యాధి లేని అనేకమంది స్త్రీలు, వ్యాధి లేదని తెలిసికొనుటకై కోత పడవలసివచ్చెను.

రెండు కోణముల గణితము

లోతును కొలుచు విద్య వేరొక అవయవము కొరకు పుట్టినది. లండనులో విక్టర్ హార్స్‌లీ, రాబర్ట్ క్లార్క్ అనువారు జంతువుల మెదడులో నిర్ణీత స్థానమునకు సూదిని పంపుటకు మూడు కొలతల చట్రమును 1908లో వర్ణించిరి. ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ అనువారు 1947లో దానిని మనుష్యుల మెదడుకు అన్వయించిరి. దీనికి స్టీరియోటాక్సిస్ అని పేరు. ఘనరూపమున అమరిక యని ఆ గ్రీకు పదముల భావము. తల యెముకతో కూడినది గావున చట్రము దానికి గట్టిగా అమరును. రొమ్ము మెత్తనిది, కదలునది. దానికి చట్రము అమర్చుట యెట్లు?

స్వీడను రాజధాని స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్యసంస్థకు చెందిన బోల్మ్‌గ్రెన్, జాకబ్‌సన్, నార్డెన్‌స్ట్రోమ్ అనువారు దీనికి సాధనమును నిర్మించి 1977లో ప్రకటించిరి. స్త్రీ ఒక ఎత్తైన బల్లపై బోర్ల పండుకొనును. బల్లకు గల రంధ్రము గుండ స్తనము క్రిందికి వ్రేలాడును. దానిని రెండు పలకల నడుమ అదిమి కదలకుండ నిలుపుదురు. ఎక్స్‌రే గొట్టమును మధ్యరేఖకు ఒక ప్రక్క 15 డిగ్రీలు త్రిప్పి ఒక పటము, రెండవ ప్రక్క 15 డిగ్రీలు త్రిప్పి మరియొక పటము తీయుదురు.

దీనిలోని సూత్రము సామాన్యమైనది. ముఖమునకు ఎదురుగా వ్రేలిని నిలిపి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరచి చూచినచో, వెనుకనున్న గోడపై వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. వ్రేలు గోడకు ఎంత దూరమో ఆ జరుగుబాటు అంత యెక్కువ. ఎక్స్‌రే గొట్టపు రెండు స్థానములు రెండు కన్నులు, ఫిలిము గోడ, మచ్చ వ్రేలు. 15 డిగ్రీల వంతున రెండు వైపులకు త్రిప్పినపుడు, ఫిలిముకు 1 సెంటీమీటరు ఎత్తున నున్న మచ్చ రెండు పటముల నడుమ సుమారు 5.4 మిల్లీమీటర్లు జరుగును. 2 సెంటీమీటర్ల ఎత్తున నున్నది దానికి రెట్టింపు జరుగును. జరుగుబాటును కొలిచినచో ఎత్తు లభించును. పొడవు వెడల్పులు పటమునందే యున్నవి. ఈ మూడు సంఖ్యలను సాధనమునకు ఇచ్చినచో సూదిమొన ఆగవలసిన స్థానము నిశ్చయమగును. వారెన్ స్టీరియోస్కోపులో మనస్సుకు మాత్రమే గోచరించిన లోతు ఇచ్చట మిల్లీమీటర్లలో సంఖ్యగా మారెను.

స్వీడనులో ఆ కాలమున సన్నని సూదితో కణములను పీల్చి పరీక్షించు విద్య బాగుగా వర్ధిల్లియుండెను. కావున స్టాక్‌హోమ్ వైద్యులు ఈ సాధనముతో సన్నని సూదినే వాడిరి. చేతికి తగులని 2,594 మచ్చలను ఈ విధముగా పరీక్షించిన అనుభవమును అజవెదో, స్వానె, ఆవర్ అనువారు 1989లో ప్రకటించిరి. వ్యాధి లేనివారిలో అత్యధికులకు కత్తిగాటు తప్పెను.

సూదిలో వచ్చిన మార్పు

సన్నని సూదికి ఒక పరిమితి కలదు. అది విడివిడి కణములను మాత్రమే తెచ్చును. వాని అమరికను తేదు. రాచపుండు పాలనాళము లోపలనే యున్నదా, గోడను ఛేదించుకొని వెలికి వచ్చినదా అనునది అమరికను చూచిననే తెలియును. కణములను చదువగల ఆరితేరిన నిపుణులు లేని చోట్ల పరీక్షలు తరచు అసంపూర్ణముగ ముగియుచుండెను.

స్వీడను వైద్యుడు పెర్ లిండ్‌గ్రెన్ 1982లో స్ప్రింగుతో పనిచేయు సాధనమును వర్ణించెను. మీట నొక్కగనే సూది రెప్పపాటులో ముందుకు దూకి సన్నని కడ్డీ వంటి ముక్కను కోసికొని వచ్చును. దీనినే బయాప్సీ తుపాకి యనిరి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున స్టీవ్ పార్కర్ దీనిని స్టాక్‌హోమ్ తరహా బల్లతో జతపరచి 1990లో తొలి ఫలితములను ప్రకటించెను. త్వరలోనే రెండు మిల్లీమీటర్లకు మించిన లావు గల సూదిని వాడుట ఆచారమయ్యెను. 1994లో ఆయనయు, అనేక వైద్యశాలల సహచరులును కలిసి ప్రకటించిన వ్యాసమున 6,152 మచ్చల అనుభవము చేరెను. ఎక్స్‌రే మార్గమునను, అల్ట్రాసౌండు మార్గమునను తీసిన ముక్కలు రెండును అందున్నవి. శస్త్రచికిత్సకు బదులుగా సూదిముక్కను నమ్మవచ్చునని వైద్యలోకము ఒప్పుకొనెను.

1995 ప్రాంతమున ఫ్రెడ్ బర్‌బ్యాంక్ కృషితో పీల్పుశక్తి గల సూది వచ్చెను. దాని ప్రక్కనున్న గాడిలోనికి కణజాలమును గాలి పీల్పుతో లాగి, లోపలి కత్తి కోయును. సూదిని వెలికి తీయకయే, గడియారపు ముల్లువలె త్రిప్పుచు అనేక ముక్కలను సేకరింపవచ్చును. ఇది సున్నపు రేణువులకు మిక్కిలి అనువైనది. తీసిన ముక్కలను వెంటనే ఎక్స్‌రే తీసి, వానిలో రేణువులు వచ్చినవో లేదో అప్పుడే చూతురు. రేణువులు లేని ముక్క ఎంత పెద్దదైనను వ్యర్థమే. మచ్చ చిన్నదై పూర్తిగా ముక్కలలో వచ్చివేయవచ్చును గావున, ఆ స్థానమున చిన్న లోహపు గుర్తును విడిచి వత్తురు. పిదప శస్త్రచికిత్స అవసరమైనచో చోటును చూపునది ఆ గుర్తే.

ముక్క చెప్పు సంగతి వ్యాధి కలదా లేదా అనుటతో ఆగదు. హార్మోనులకు లోబడు కణితియో కాదో, ఏ మందు పనిచేయునో ఆ ముక్క నుండియే తెలియును. శస్త్రచికిత్సకు ముందే మందులు వాడవలసిన రోగులకు ఈ సమాచారము ఆధారము. ఈ సందర్భమున తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు స్మరణీయుడు. భీమవరమున 1895లో, ఎక్స్ కిరణములు వెలువడిన సంవత్సరమునందే జన్మించి, మద్రాసులో వైద్యమభ్యసించి, 1923లో అమెరికాకు వెళ్లిన ఆయన లెడర్లే పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిన కాలమున మెథోట్రెక్సేటు అను మందు అచ్చట రూపొందెను. ఆయన 1948లో మరణించెను. 1976లో ఇటలీ వైద్యుడు బొనదొన్నా స్తన రాచపుండుకు శస్త్రచికిత్స తరువాత ఇచ్చి మేలు చూపిన మూడు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి.

పొరలు పొరలుగా చూచుట

రెండు పటముల విధానమునకు ఒక బలహీనత కలదు. ఒకే మచ్చను రెండు పటములలోను గుర్తింపగలిగిననే లెక్క కుదురును. సున్నపు రేణువులు తెల్లగా మెరయును గావున వానిని గుర్తించుట సులభము. కాని కొన్ని రాచపుండ్లు గడ్డగా గాని రేణువులుగా గాని కానరావు. నారపోగులు ఒక బిందువు వైపునకు ముడుచుకొనినట్లు మాత్రమే కానవచ్చును. గ్రంథులు దట్టముగా నున్న రొమ్మున, ఒకదానిపై నొకటి పడిన నీడలలో అట్టి ముడుత మరుగుపడును. ఒక పటమున కనబడినది రెండవ దానిలో కనబడనిచో సూదికి దారి లేదు.

దీనికి సమాధానము టోమోసింథసిస్. దీని మూలభావన పాతది. హాలెండు వైద్యుడు జీడ్సెస్ డెస్ ప్లాంటెస్ 1930 దశాబ్దమున శరీరమందలి ఒక్కొక్క పొరను వేరుగా చిత్రించు విద్యను, కొన్ని పటముల నుండి కోరిన పొరను కూర్చు ఉపాయమును వివరించెను. డేవిడ్ గ్రాంట్ 1972లో ఈ విద్యకు టోమోసింథసిస్ అను పేరు పెట్టెను. ఐనను ఫిలిములతో అది ఆచరణకు రాలేదు. అనేక పటములను తక్కువ కిరణములతో తీసి, జరిపి, కూడవలెను. ఆ పని అంకెలకు సాధ్యము గాని ఫిలిముకు కాదు.

అంకెల రూపమున పటమును గ్రహించు పలకలు 1990 దశాబ్దమున వచ్చెను. హబుల్ అంతరిక్ష దూరదర్శిని కొరకు అభివృద్ధి చేసిన కాంతిగ్రాహక చిప్పుల విద్య స్తన బయాప్సీ బల్లలలో చేరినది ఈ దశాబ్దమునందే. ఫిలిము కడుగువరకు అదుముడులో కదలక వేచియుండవలసిన స్త్రీకి దీనివలన నిరీక్షణము తగ్గెను. బోస్టన్ నగరమున నిక్లాసన్, కోపాన్స్ మున్నగువారు 1997లో రొమ్ముకు అంకెల టోమోసింథసిస్ విధానమును ప్రకటించిరి. అమెరికా ప్రభుత్వము 2000లో తొలి అంకెల మామోగ్రఫీ యంత్రమునకును, 2011 ఫిబ్రవరిలో తొలి టోమోసింథసిస్ యంత్రమునకును అనుమతి నిచ్చెను.

రైలుబండి కిటికీ నుండి చూచువానికి దగ్గరనున్న తుమ్మచెట్లు వేగముగ వెనుకకు పరుగెత్తును. దూరపు కొండలు మెల్లగా కదలును. టోమోసింథసిస్‌లో ఎక్స్‌రే గొట్టము రొమ్ముపై వంపుదారిలో కదలుచు, యంత్రమును బట్టి తొమ్మిది మొదలు ఇరువదియైదు వరకు పటములు తీయును. ఒక్కొక్క ఎత్తున నున్న భాగము ఒక్కొక్క మేర జరుగును. కంప్యూటరు ఒక ఎత్తును ఎంచుకొని, ఆ ఎత్తుకు తగినట్లు పటములన్నింటిని జరిపి కూడినచో, ఆ పొరలోనివి స్పష్టమగును. ఇతర పొరలలోనివి చెదరి మసకబారును. ఇట్లు మిల్లీమీటరుకు ఒకటి చొప్పున పొరలు తయారగును. పుస్తకము పుటలను త్రిప్పినట్లు వైద్యుడు వానిని త్రిప్పి చూచును.

ఆస్లో నగరమున 12,621 పరీక్షలపై జరిగిన అధ్యయనము 2013లో వెలువడెను. మామోగ్రామునకు టోమోసింథసిస్‌ను చేర్చినపుడు వేయి పరీక్షలకు దొరకిన రాచపుండ్లు 6.1 నుండి 8.0కు పెరిగెను. ఇచ్చటనే చిక్కు మరల తలయెత్తెను. పొరలలో మాత్రమే కనబడు మచ్చను పాత రెండు పటముల పద్ధతితో చేరుట యెట్లు? కావున బయాప్సీకి గూడ పొరలే దారి చూపవలసివచ్చెను. దీని విధానము సులభము. మచ్చ అన్నింటికంటె స్పష్టముగ నున్న పొరను వైద్యుడు ఎంచి, దానిపై గుర్తు పెట్టును. ఆ పొర సంఖ్యయే లోతు. రెండు పటములలో మచ్చను వెదకి పోల్చవలసిన పని లేదు. జర్మనీలోని ఆఖెన్ నగరమున ష్రాడింగ్, కూల్ మున్నగువారు 2015లో రెండు పద్ధతులను పోల్చిరి. పాత పద్ధతిలో సగటున 29 నిమిషములు పట్టిన పని క్రొత్త పద్ధతిలో 13 నిమిషములలో ముగిసెను. అదుముడులో గడుపు ప్రతి నిమిషము భారమైన స్త్రీకి ఇది చిన్న మేలు కాదు.

పరిమితులు, అపోహలు

ఈ విద్య సర్వరోగనివారిణి కాదు. అల్ట్రాసౌండులో కనబడు మచ్చను అల్ట్రాసౌండుతోనే ముక్క తీయుట సులభము. అందు కిరణముల బాధ లేదు, అదుముడు లేదు. మిక్కిలి పలుచని రొమ్మున సూది గాడికి చోటు చాలదు. ఛాతిగోడను ఆనుకొనిన మచ్చ పలకల నడుమకు రాకపోవచ్చును. కూర్చుండబెట్టి చేయు యంత్రములలో కొందరికి కన్నులు చీకట్లు క్రమ్మును. ముక్కలో అనుమానకర కణములు మాత్రమే దొరకినపుడు, మిగిలిన భాగమున రాచపుండు దాగియుండుట కలదు. కావున ముక్క ఫలితము, పటము చెప్పు సంగతి పరస్పరము పొందుచున్నవా అని వైద్యులు విధిగా సరిచూడవలెను. పొందనిచో, దోషము లేదను నివేదికతో తృప్తిపడక మరల పరీక్షింపవలెను.

ముక్క తీసినచో రోగము పాకునను భయము ఇండ్లలో తరతరములుగా నాటుకొనియున్నది. సూది దారిలో కొన్ని కణములు స్థానము మారుట కద్దు. కాని అందువలన మరణములు పెరిగినట్లు ఆధారము లేదు. పరీక్షను తప్పించుకొని కాలము గడపినవారికి కలుగు హాని మాత్రము ప్రత్యక్షము. చాలమందికి రోగము ముదిరిన పిదపనే ముక్క తీయుదురు. అప్పుడు వచ్చిన మరణమును రోగమునకు గాక సూదికి అంటగట్టుట ఆ భయమునకు మూలము.

భారతదేశమున, తెలుగువారి నివాసములలో

2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనా ప్రకారము భారతదేశమున ఆ యేట సుమారు 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా స్తన రాచపుండు సోకెను. సుమారు 98,000 మంది మరణించిరి. పాశ్చాత్యదేశములందువలె ఆరోగ్యవంతులందరికి మామోగ్రఫీ జరుపు ఏర్పాటు ఇచ్చట లేదు. ఇచ్చట అనేకులు గడ్డ చేతికి తగిలిన పిదపనే వైద్యుని చేరుదురు. ముంబయిలో టాటా స్మారక వైద్యశాల వారు 1998లో ప్రారంభించి 1,51,538 మంది స్త్రీలపై ఇరువదియేండ్లు నడపిన ప్రయోగఫలితము 2021లో వెలువడెను. శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్త్రులు చేతితో చేసిన పరీక్షవలననే ఏబదియేండ్లు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి మరణములు దాదాపు 30 శాతము తగ్గెను. త్రిపరిమాణ యంత్రము లేని గ్రామమున గూడ చేయదగినది కలదని ఈ ఫలితము చాటుచున్నది. ఐతే చేతిపరీక్షలో అనుమానము కలిగిన పిదప దానిని తేల్చునది ముక్క పరీక్షయే.

తెలుగువారు తరతరములుగా నివసించు నగరములలో ఈ వ్యాధికి ప్రసిద్ధమైన వైద్యశాలలు కలవు. ముంబయిలో టాటా స్మారక వైద్యశాల 1941లో నెలకొనెను. చెన్నపట్టణమున అడయారు క్యాన్సర్ సంస్థ డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో 1954లో ప్రారంభమయ్యెను. తన చెల్లెలు ఇదే జాతి వ్యాధితో మరణించుట ఆమె సంకల్పమునకు కారణము. బెంగుళూరున కిద్వాయి సంస్థయు, కటకమున ఆచార్య హరిహర వైద్యశాలయు కలవు. యానాం పరిపాలనలో పుదుచ్చేరికి చెందినను దూరమున కాకినాడకు సమీపము.

ఈ వైద్యశాలలకు వెళ్లు తెలుగు స్త్రీ ఇంట తెలుగు మాటలాడును. బయట కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో మాటలాడును. ఐనను భయకాలమున మనస్సుకు అందునది తల్లిభాషయే. అంగీకారపత్రము ఆమె చదువలేని లిపిలో నున్నచో, సంతకము చేయు చేయి ఆమెదైనను నిర్ణయము ఆమెది కాదు. బెటీ ఫోర్డ్ కాలమున మత్తుమందు చేసిన పనిని ఇచ్చట తెలియని లిపి చేయును. తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన సేవ గొప్పది, ఖర్చు తక్కువది. వాడుకలో నున్న మాటలతోనే తేడాలను తెలుపవచ్చును. సూది పరీక్ష యనగా సన్నని సూదితో కణములను పీల్చుట. ముక్క పరీక్ష యనగా లావుసూదితో చిన్న ముక్కను తీయుట. దీనికి ఆ చోట మాత్రమే మొద్దుబార్చు మందు చాలును, సాధారణముగ ఆనాడే ఇల్లు చేరవచ్చును. తీగ పెట్టుట యనగా శస్త్రచికిత్సకు చోటు చూపుట. లోహపు గుర్తు యనగా ముక్క తీసిన స్థానమునకు ఆనవాలు. ఏ పరీక్ష జరుగునో, ఏల జరుగునో, ఫలితము వచ్చిన పిదప ఆలోచించుకొనుటకు ఎంత వ్యవధి కలదో అడుగుటకు రోగికి హక్కు కలదు.

సాలమన్ చూచిన మూడువేల స్తనములును దేహము నుండి వేరుపడిన పిదపనే తమ రహస్యమును తెలిపెను. నేడు ఆ రహస్యము మిల్లీమీటర్ల లెక్కతో, స్త్రీ మెలకువగా నుండగనే తెలియుచున్నది. యంత్రము చూపగలిగినది చోటును మాత్రమే. ఆ ఫలితమును ఆమెకు అర్థమగు మాటలలో చెప్పి, తరువాతి మాట ఆమెను చెప్పనిచ్చుట మనుష్యులు చేయవలసిన పని.